విఠల్ చూసి చెప్పనిది

పాశమైలారంలోని ఒక పంపుల ఫ్యాక్టరీలో విఠల్ కాంట్రాక్టు హెల్పర్‌గా చేరిన రెండో ఏడు, హైస్కూల్లో డ్రిల్లు నేర్పిన కొమురయ్య సార్ ఫోన్ చేశాడు. ముత్తంగి దగ్గర ఏదో కొత్త ఆటకు మనుషుల్ని ఎంచుకుంటున్నారట, ఆదివారం పొద్దున పొమ్మన్నాడు. ఏం ఆటో సార్‌కూ సరిగ్గా తెలియదు. "బంతి కోడిగుడ్డు లెక్క ఉంటదట. దూరం ఇసిరెటోళ్లు కావాల్నట. నువ్వు జిల్లా పోటీలల్ల ఈటె ఇసిరినవు గద, పోయి సూడు," అన్నాడు. జావెలిన్‌ను సార్ ఎప్పుడూ ఈటె అనే అనేవాడు.

విఠల్‌ది ఇస్నాపూర్ పాత ఊరు. తండ్రి కిష్టప్ప తన ఎకరంన్నర చెలకలో జొన్న, కంది వేసేవాడు. చుట్టూ ఫ్యాక్టరీలు లేచి వాటి రసాయనాల నీళ్లు చెలకలోకి చేరాక పంట రావడం మానేసింది. కిష్టప్ప ఒక గోదాములో వాచ్‌మన్‌గా కుదురుకున్నాడు. తల్లి ఇందిరమ్మ ఇంటి వెనక వేసిన రెండు రేకుల గదులు బిహార్ కూలీలకు కిరాయికిచ్చి, వాళ్లతో వచ్చీరాని హిందీలో రోజంతా పోట్లాడుతూ ఉండేది. ఆ ఇంట్లో ఆట అనేది ఒక పని అవుతుందని ఎవరూ ఎన్నడూ అనుకోలేదు.

ఆ ఆదివారం ముత్తంగి గోదాముల వెనక మైదానంలో నూటయాభై మంది పోగయ్యారు. ఎనిమిది నగరాల జట్లతో అమెరికన్ ఫుట్‌బాల్ లీగు ఒకటి పెడుతున్నారు. ఇక్కడి జట్టును ముత్తంగి నుంచి సంగారెడ్డి దాకా ప్లాట్లు చేసి అమ్మే కంపెనీ ఆసామి కొన్నాడు. దానికి మంజీర వారియర్స్ అని పేరు. కోచ్ కలకత్తా మనిషి, ఒకప్పుడు రగ్బీ ఆడినవాడు. విఠల్ చేతికి బంతినిచ్చి, పట్టుకునే తీరు చూపించి విసరమన్నాడు. మొదటిది గాలిలో తూలుతూ పోయింది. నాలుగోది అరవై గజాల అవతల నిలబడ్డవాడి రొమ్ముకు తగిలి వాణ్ని పడేసింది. కోచ్ పేరు రాసుకున్నాడు.

అట్లా విఠల్ జట్టుకు రెండో క్వార్టర్‌బ్యాక్ అయ్యాడు. ఈ ఆటలో ప్రతిసారీ బంతి ముందుగా చేరేది క్వార్టర్‌బ్యాక్ చేతికే. ఎవరికి విసరాలో, లేక ఎవరి చేతికిచ్చి పరుగెత్తించాలో అతనే తేల్చుకోవాలి. అందుకు అతనికుండేది మూడు సెకన్లు. ఆలోగా అవతలి జట్టు బలిష్ఠులు, అతని ముందు తనవాళ్లు కట్టిన మనుషుల గోడ దాటుకొచ్చి మీద పడతారు. మైదానంలో క్వార్టర్‌బ్యాక్ ఒక్కడే ఉంటాడు. రెండోవాడు గీత బయట నిలబడి, మొదటివాడు బాగా ఆడినన్నాళ్లూ చూస్తూ ఉండాలి.

మొదటివాడు హరినాథ్. వయసు ఇరవై ఆరు. తండ్రి రాజారావు నలభై ఏళ్ల కిందట తణుకు నుంచి ప్రభుత్వ ప్లాంటులో ఉద్యోగానికి వచ్చి, క్వార్టర్స్‌లో పిల్లల్ని పెంచి, రిటైరయ్యాక పటాన్‌చెరులో ఇల్లు కట్టుకున్నాడు. హరినాథ్ ఇంజనీరింగ్ కాలేజీలో ఉండగానే స్నేహితులతో ఈ ఆట నేర్చుకున్నాడు. పొడగరి, గొంతు బాగా పలుకుతుంది, కోచ్ ఇంగ్లిషులో ఏం చెప్పినా సగం మాటలోనే అందుకుంటాడు. విఠల్ ఇంటర్ తప్పినవాడు. ఏ ఎత్తుకు ఎవరు ఎటు పరుగెత్తాలో, బంతి ఎటు పోవాలో చెప్పే ఎత్తుల పుస్తకం అంతా ఇంగ్లిషే. మొదటివారం దాన్ని చూసి విఠల్ ఇక రానని చెప్పేయడానికి సిద్ధమయ్యాడు. హరినాథ్ ఆ పుస్తకం తీసుకుపోయి, నూటపదకొండు ఎత్తులకూ పక్కన తెలుగు అక్షరాల్లో పేర్లు రాసి, బాణం గుర్తులు గీసి తెచ్చిచ్చాడు. పొద్దున ప్రాక్టీసుకు ఇస్నాపూర్ చౌరస్తాలో విఠల్‌ను బండెక్కించుకునేదీ అతనే. సాయంత్రం పటాన్‌చెరులో తమ ఇంటి దగ్గర ఆగితే హరినాథ్ తల్లి నాగేశ్వరి పెసరట్టు తినకుండా కదలనిచ్చేది కాదు. విఠల్ ఆమెను ఆంటీ అనేవాడు, హరినాథ్‌ను హరన్న అనేవాడు.

రెండువేల పద్దెనిమిదిలో మొదటి సీజను మొదలైంది. విఠల్ మ్యాచ్ రోజున జెర్సీ వేసుకుని, అట్టకు తగిలించిన కాగితం మీద హరినాథ్ ఆడిన ప్రతి ఎత్తునూ రాసేవాడు. జావెలిన్ నేర్పినప్పుడు కొమురయ్య సార్ చేతిని కాదు, కాళ్లను చూడమనేవాడు. విసురు పాదాల్లో పుడుతుందని ఆయన నమ్మకం. ఆ అలవాటుతో విఠల్ చూపు ఎప్పుడూ హరినాథ్ పాదాల మీదే ఉండేది. మూడో మ్యాచ్‌లో అతనికొకటి కనిపించింది. ఎడమవైపు దూరంగా విసరబోయే ముందు, బంతి ఇంకా చేతికి రాకముందే, హరినాథ్ కుడి మడమ జానెడు వెనక్కి జరుగుతోంది. వేరే ఏ ఎత్తుకూ జరగడం లేదు. నిజమేనా అని విఠల్ కాగితం అంచున గీతలు పెట్టుకుంటూ పోయాడు. పద్నాలుగుసార్లలో పదమూడుసార్లు జరిగింది. మ్యాచ్ అయ్యాక ఆ అంచు చింపి పారేశాడు. ఎందుకు చింపాడో ఆ రోజు తనను తాను అడగలేదు.

ఐదో మ్యాచ్ ముగిసిన మర్నాడు ఇద్దరూ బండి మీద ప్రాక్టీసుకు పోతున్నారు. రుద్రారం దాటాక టీకి ఆపి హరినాథే అడిగాడు.

"గీత బయట నిలబడి రోజూ చూస్తున్నావు కదరా. నాలో ఏదన్నా తేడా కనిపిస్తే చెప్పు. కోచ్‌కి అందర్నీ చూడ్డమే సరిపోతోంది."

"ఏం లేదన్నా," అన్నాడు విఠల్. "మంచిగనే ఆడుతున్నవ్."

హరినాథ్‌కు దెబ్బ తగలాలని అతను కోరుకోలేదు. ఒక మ్యాచ్ చెడగొట్టుకుంటే చాలనుకున్నాడు. మూడు బంతులు అవతలివాళ్లు లాక్కుంటే కోచ్ విసిగిపోయి, రెండో సగానికి తనను పంపుతాడనుకున్నాడు. అంతకు మించి మనసులో ఏమీ లేదు. తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా ఈ సంగతి నిజమే. నిజమైనందువల్ల అతనికి ఒరిగిందీ లేదు.

ఆరో మ్యాచ్ హైదరాబాద్‌లో, పుణె జట్టుతో. మధ్యాహ్నం నాలుగింటికి మొదలైంది. అవతలి జట్టులో యాభైరెండో నంబరువాడు మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగేటప్పుడు, అందరిలాగా బంతి వంక చూడకుండా చూపు హరినాథ్ పాదాలకేసి తిప్పుతున్నాడు.  వాడికీ మడమ సంగతి తెలిసిపోయింది. వాడు ఒకసారి చూశాడు, మళ్లీ చూశాడు. రెండోసారి హరినాథ్ బంతి విసిరీ విసరకముందే యాభైరెండు అతని మీదికి వచ్చేశాడు, వెంట్రుకవాసిలో తప్పింది. కోచ్ టైమ్ అవుట్ అడిగాడు. హరినాథ్ గీత దగ్గరికి వచ్చి చెయ్యి చాచాడు. విఠల్ నీళ్ల సీసా అందించాడు. ఇద్దరి మధ్యా మూరెడు దూరం లేదు. హరినాథ్ సగం తాగి, మిగతావి తల మీద పోసుకుని, సీసా తిరిగిచ్చి, విఠల్ భుజం తట్టి లోపలికి వెళ్లాడు. విఠల్ నోరు విప్పలేదు.

ఆ తర్వాతి మూడో ఎత్తుకు హరినాథ్ కుడి మడమ వెనక్కి జరిగింది. యాభైరెండు గోడ పక్కనుంచి దూసుకొచ్చి, హరినాథ్ బరువంతా ఎడమ కాలి మీద ఆని ఉన్న క్షణంలో ఆ మోకాలికి తగిలాడు. బెంచీ దాకా చప్పుడు వినిపించింది. హరినాథ్ గడ్డిని రెండు గుప్పిళ్లా పట్టుకుని పడి ఉన్నాడు. స్ట్రెచర్ వచ్చింది. కోచ్ విఠల్ వీపు మీద చరిచి, పో అన్నాడు.

విఠల్ ఆడిన మొదటి రెండు ఎత్తులూ ఎట్లా ఆడాడో అతనికి ఇప్పటికీ తెలియదు. మూడోదానికి చెయ్యి వశంలోకి వచ్చింది. ఆ రోజు వారియర్స్ పన్నెండు పాయింట్ల తేడాతో గెలిచారు. తోటి ఆటగాళ్లు అతన్ని ఎత్తుకుని తిప్పారు. అంత పైనుంచి స్టేడియం ఎంత పెద్దగా ఉందో చూసి అతనికి నిజంగానే సంతోషం కలిగింది. ఆ సంతోషం కలగలేదని తర్వాత తనకు తాను చెప్పుకోలేకపోయాడు.

మర్నాడు పొద్దున కిష్టప్ప నైట్ డ్యూటీ దిగి వచ్చేసరికి ఇంటి ముందు వాడకట్టు వాళ్లంతా ఉన్నారు. ఎవరో ఫోన్లో మ్యాచ్ చూపించారు. కిష్టప్ప కళ్లు చికిలించి మొత్తం చూశాడు. ఆట ఆయనకు అర్థం కాలేదు. చెప్పుల్ని గోడకు ఆనించి పెట్టి, కొడుకును ఒకటే అడిగాడు.

"గా పడ్డ పిలగాడు ఎట్లున్నడు?"

"దవాఖానల ఉన్నడు," అన్నాడు విఠల్.

"పోయి సూసొచ్చినవా?"

పోలేదు. ఆ వారమూ పోలేదు. ప్రాక్టీసుందని చెప్పుకున్నాడు, ఉంది కూడా. మూడో వారంలో కోచ్ వెంట వెళ్లాడు. అప్పటికి ఆపరేషన్ అయింది. మంచం పక్కన రాజారావు పేపరు చదువుతున్నట్టు పట్టుకుని కూర్చున్నాడు. నాగేశ్వరి వాళ్లకు ఫ్లాస్కులోంచి టీ పోసిచ్చి, మా వాడు లేకపోయినా నువ్వున్నావు బాబూ, జట్టు పరువు నిలబెట్టావు అంది. హరినాథ్ కాసేపు అంతకుముందు వారం జరిగిన నాగపూర్ మ్యాచ్ గురించి అడిగాడు. నవ్వుతూనే మాట్లాడాడు. ఎడమవైపు దూరం విసిరేటప్పుడు పట్టు ఎట్లా ఉంటోందని అడిగినప్పుడు మాత్రం విఠల్ టీ కప్పు కోసం వంగి, బాగుందని నేలకేసి చూస్తూ చెప్పాడు.

ఆ సీజనులో మూడు జట్ల మొదటి క్వార్టర్‌బ్యాక్‌లు గాయాలతో బయటికి పోయారు. వాళ్ల చోట్లోకి వచ్చిన ముగ్గురూ కుర్రవాళ్లే. ఒకడు ఐజాల్‌లో పోస్ట్‌మన్ కొడుకు, ఒకడు కొల్హాపూర్ కాలేజీ విద్యార్థి, మూడోవాడు విఠల్. నాలుగు మ్యాచ్‌ల్లో మూడు గెలిపించాడు. లీగు ప్రసారం చేసే టీవీ ఛానెల్ ఈ ముగ్గురి మీద అరగంట కార్యక్రమం చేసింది. ఇస్నాపూర్ ఇంట్లోకీ, పంపుల ఫ్యాక్టరీలోకీ కెమెరా వచ్చింది. అన్ని వారాలు బెంచీ మీద ఉండి ఏం నేర్చుకున్నావని యాంకరమ్మ అడిగితే, విఠల్ తడుముకోకుండా, "సూసుడు నేర్చుకున్న మేడం," అన్నాడు. ఆ మాట అందరికీ నచ్చింది. చౌరస్తాలో కుర్రాళ్లు కట్టిన ఫ్లెక్సీ మీద అతని బొమ్మ కింద అదే రాయించారు. ఫ్లెక్సీ ఎండకు వెలిసి చిరిగేదాకా విఠల్ ఆ దారిన కాకుండా పెట్రోల్ బంకు వెనకనుంచి తిరిగి ఇంటికి పోయేవాడు. సిగ్గరి పిలగాడు అనుకున్నారు.

సెమీఫైనల్లో వారియర్స్ ఓడిపోయారు. సీజన్లో మెరిసిన కుర్రాడి బహుమతి ఐజాల్ వాడికి వెళ్లింది. ప్లాట్ల కంపెనీ ఆసామి మాత్రం విఠల్‌కు శాలువా కప్పి, వచ్చే ఏడు జట్టు నీదే అన్నాడు. మరుసటి ఏడు అమెరికా కాలేజీల్లో ఆడిన ఇరవైమూడేళ్ల కుర్రాణ్ని తెచ్చి మొదటి చోట నిలబెట్టారు. పోస్టర్లకు బాగుంటాడని ఆసామి కోచ్‌తో అన్నాడట. విఠల్ మళ్లీ అట్టా కాగితమూ పట్టుకున్నాడు. ఈసారి చూసిందల్లా చెప్పాడు. భుజం ఒరుగుతోందని, చూపు ముందే తిరుగుతోందని, ఆట ఆగిన ప్రతిసారీ గీత దగ్గర వెంటపడి హిందీలో చెప్పేవాడు. ఆ కుర్రాడికి హిందీ రాదు, చెవుల్లో ఎప్పుడూ పాటలు. రెండు వారాలకు కోచ్ విసుక్కుని, నీ పని నువ్వు చూసుకో అన్నాడు. ఆ ఏడంతా విఠల్ ఒక్క బంతి విసరలేదు.

తర్వాత లాక్‌డౌన్ వచ్చింది. లీగు ఆగింది, మళ్లీ మొదలు కాలేదు. ప్లాట్ల కంపెనీ బోర్డు మారింది. విఠల్ ఏడాదిపాటు ఆ ఆఫీసుకు ఫోన్లు చేసి, చివరికి పాత కాంట్రాక్టరును బతిమాలి పంపుల ఫ్యాక్టరీలోనే మళ్లీ చేరాడు. పోత పోసిన పంపు డొల్లలకు గ్రైండర్‌తో అంచులు గీకే పని. అరవై గజాలు విసిరిన చెయ్యి సాయంత్రానికి గ్రైండర్ అదురుకు తిమ్మిరెక్కేది.

ఇరవై ఒకటిలో పెళ్లయింది. భార్య చంద్రిక సదాశివపేట పిల్ల. భర్త ఒకప్పుడు టీవీలో వచ్చాడన్నది ఆమెకు గొప్ప. తమ్ముళ్లు వచ్చినప్పుడల్లా ఫోన్లో పుణె మ్యాచ్ పెట్టి చూపించేది. ఒక ఆదివారం అట్లాగే చూపిస్తూ ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ చూసి నవ్వింది.

"ఇగో, గీడ సూడు. గాయన ఇంక పడనే లేదు. నువ్వు అప్పటికే టోపి చేతుల వట్టుకొని నిలవడ్డవ్. గంత జల్దీ ఏందయ్యా నీకు?"

విఠల్ ఫోన్ తీసుకుని చూశాడు. అంచున, కెమెరా మూలలో, తను కనిపిస్తున్నాడు. హరినాథ్ మడమ వెనక్కి జరిగింది. తను వంగి బెంచీ మీది హెల్మెట్ అందుకున్నాడు. బంతి ఇంకా హరినాథ్ చేతిలోనే ఉంది. యాభైరెండు ఇంకా రెండడుగుల దూరంలో ఉన్నాడు. ఆ హెల్మెట్ తీసిన సంగతి అతనికి గుర్తే లేదు. ఇన్నేళ్లూ తను చెప్పలేదన్నదే తప్పనుకున్నాడు. తన చెయ్యి ఎదురుచూసిందన్న సంగతి ఆ రోజు దాకా తెలియదు. చంద్రిక తమ్ముళ్లు కూడా నవ్వారు. అతను ఫోన్ ఆమెకిచ్చి బయటికి పోయి, కిరాయిదార్ల బట్టలు ఆరేసిన తీగ కింద చాలాసేపు నిలబడ్డాడు.

హరినాథ్‌కు రెండో ఆపరేషన్ కూడా ఫలించలేదని, ఎడమ కాలు పూర్తిగా వంగదని అతనికి తెలుసు. ముత్తంగి జంక్షన్ దగ్గర ఒక గోదాములో లారీల గేటు పాసులు రాసే ఉద్యోగంలో ఉన్నాడని కూడా విన్నాడు. మర్నాడు షిఫ్టుకు పోకుండా అక్కడికి వెళ్లాడు. మధ్యాహ్నం భోజనం వేళ. హరినాథ్ లావయ్యాడు, గడ్డం పెంచాడు. విఠల్‌ను చూసి ఆశ్చర్యపోలేదు. పక్కనున్న టీ కొట్టు బల్ల మీద ఎడమ కాలు చాపుకుని కూర్చుని, రెండు టీలు చెప్పాడు.

విఠల్ అంతా చెప్పాడు. మూడో మ్యాచ్‌లో చూసింది, కాగితం చింపింది, టీ కొట్టు దగ్గర అబద్ధమాడింది, నీళ్ల సీసా ఇచ్చి ఊరుకుంది. చెబుతుంటే మధ్యలో రెండుసార్లు లారీ హారన్లకు ఆగాల్సి వచ్చింది. హెల్మెట్ సంగతి చెబుతూ ఏడ్చేశాడు.

"తెలుసు," అన్నాడు హరినాథ్. "ఎనిమిది నెలలు మంచం మీదున్నాను. ఆ వీడియో చూడ్డం తప్ప నాకు వేరే పనేముంది?"

 మరి ఎందుకు అడగలేదన్నా, అన్నాడు విఠల్.

"అడిగితే ఏం చేస్తావు? ఇదిగో, ఇట్లా ఏడుస్తావు. అప్పుడు నేను పర్లేదులేరా అనాలి. నాకది అనబుద్ధి కాలేదు." టీ గ్లాసు కింద పెట్టాడు. "ఇప్పుడూ కావట్లేదు."

"నన్ను కొట్టన్నా. తిట్టు."

"తిడితే నీకు తేలికైపోతుంది."

లోపల ఎవరో పిలిచారు. హరినాథ్ బల్ల అంచు పట్టుకుని లేచాడు. విఠల్ సాయం చేయబోతే వద్దన్నాడు. టీ కొట్టు వాడికి తనే డబ్బులిచ్చి, ఇంటికి మాత్రం రావద్దని, అమ్మకు ఇవేవీ తెలియవని, ఆవిడకు నువ్వంటే ఇష్టమని, మామూలు గొంతుతో చెప్పి వెళ్లిపోయాడు. లారీల మధ్యనుంచి అతను కుంటుతూ గేటు దాకా పోవడానికి చాలాసేపు పట్టింది. విఠల్ ఆ పాదాల వంక చూడలేక బల్ల మీది గ్లాసుల్ని చూస్తూ కూర్చున్నాడు.

ఇది జరిగి మూడేళ్లయింది. విఠల్‌కు ఒక పాప. ఫ్యాక్టరీలో ఇంకా పర్మనెంట్ కాలేదు. పటాన్‌చెరు వైపు పని పడితే హరినాథ్ వాళ్ల వీధి తగలకుండా పోతాడు. మొన్న ఎండాకాలంలో కూరగాయల మార్కెట్లో వెనకనుంచి ఎవరో చొక్కా పట్టుకున్నారు. నాగేశ్వరి. బాగా వడలిపోయింది. రాజారావు పోయి ఏడాదైందట. విఠల్‌కు ఎవరూ చెప్పలేదు.

ఆమె చేతి సంచి తీసుకుని ఆటో దాకా నడిచాడు. దారంతా ఆమె కొడుకు గురించే చెప్పింది. వాడు పెళ్లి మాట ఎత్తనివ్వడు, డ్యూటీ నుంచి వచ్చి తలుపేసుకుంటాడు, పాత స్నేహితులు ఒక్కరూ రారు. ఆటో ఎక్కబోతూ ఆగి అతని చెయ్యి పట్టుకుంది.

"నువ్వైనా వస్తూ ఉండు బాబూ. వాడికి తమ్ముడిలాంటి వాడివి. ఈ ఆదివారం రా, పెసరట్టు వేస్తాను."

వస్త ఆంటీ, అన్నాడు విఠల్. తప్పకుండా రావాలని ఆమె రెండుసార్లు చెప్పించుకుంది.

శనివారం షిఫ్టు దిగేముందు అతను సూపర్‌వైజర్ దగ్గరికి పోయి, మర్నాటి ఓవర్‌టైం జాబితాలో తన పేరు రాయించుకున్నాడు. ఆర్డర్లు బాగా ఉన్నాయని చంద్రికకు చెప్పాడు.